చైనాలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడు

చైనా దేశములో ఇంగ్లీషు నేర్పుటకు ఇతర దేశముల నుండి వచ్చిన ఉపాధ్యాయుని "వైజియావ్" అందురు. విదేశీ బోధకుడని ఆ మాటకు అర్థము. తరగతిలో మాత్రము విద్యార్థులు తమ చైనా ఉపాధ్యాయులను పిలిచినట్లే అతనిని కూడ "లావోషీ" అని పిలుచుదురు. మన "పంతులుగారు" వంటి పిలుపు అది.

ఆ లావోషీకి మొదటి దినముననే ఒక వింత అనుభవము కలుగును. ఎదుట నలుబదిమంది విద్యార్థులు కూర్చుని ఉందురు. వారందరును మూడవ తరగతి నుండియో, అంతకు ముందు నుండియో ఇంగ్లీషు చదివినవారు. వ్యాకరణములో గట్టివారు, వేలకొలది మాటలు కంఠస్థము చేసినవారు. "మీ ఊరు ఎట్లుండును?" అని అతడు ఇంగ్లీషులో ఒక చిన్న ప్రశ్న వేయును. ఎవరును పలుకరు. తలలు వంగును, చూపులు పుస్తకముల మీదికి పోవును. అదే ప్రశ్నకు కాగితము మీద జవాబు వ్రాయుడనినచో, పావుగంటలో ప్రతివారును పుటెడు వ్రాసి, అక్షరములు ముత్యములవలె పేర్చి చేతికిత్తురు. ఈ స్థితికి చైనావారే ఒక పేరు పెట్టుకొన్నారు: "యాబా యింగ్యూ", అనగా మూగ ఇంగ్లీషు.

ఈ మూగతనమును పోగొట్టుటకే విదేశీ ఉపాధ్యాయుని రప్పింతురు. అతడు పలుకునట్లు విద్యార్థులు పలుకుట నేర్చుకొందురని ఆశ. ఆ దేశము అతనిని పిలుచునది అతని నోటి కొరకు. కాని అతని వలన జరిగెడి మేలు చాలవరకు అతని చెవి వలన జరుగుచున్నది. ఈ సంగతి బోధపడవలెనన్నచో, ఇంగ్లీషు ఆ దేశములో ఎట్లు అడుగు పెట్టినదో, అక్కడి విద్యార్థి నోరు ఎందుకు మూతపడినదో కొంత తెలిసికొనవలెను.

ఇంగ్లీషు చైనాకు వచ్చిన దారి సుఖమైనది కాదు. 1858లో కుదిరిన తియెన్‌జిన్ సంధిలో, సంధిపత్రము యొక్క ఇంగ్లీషు పాఠమునకును చైనా పాఠమునకును అర్థభేదము వచ్చినచో ఇంగ్లీషు పాఠమే ప్రమాణమని బ్రిటిషువారు వ్రాయించుకొనిరి. తన రాజ్యపు కాగితమును తానే చదువుకొనలేని దుస్థితి చైనా ప్రభుత్వమునకు ప్రాప్తించినది. దానికి విరుగుడుగా 1862లో బీజింగ్ నగరమున "తుంగ్వెన్ గ్వాన్" అను భాషా పాఠశాలను స్థాపించిరి. అందు మొదట నేర్పిన భాష ఇంగ్లీషు. మొదటి ఉపాధ్యాయుడు జాన్ బర్డన్ అను మతబోధకుడు. మొదటి విద్యార్థులు పదిమంది బాలురు. భాష నేర్పవలెను గాని మతము బోధింపరాదని అతనికి నిబంధన విధించిరి. ఆ పాఠశాల 1902లో రాజధానిలోని విశ్వవిద్యాలయములో కలిసిపోయినది. ఆ విశ్వవిద్యాలయమే నేటి పెకింగ్ విశ్వవిద్యాలయము.

ఆ తొలి నిబంధనలో చైనావారి వైఖరి యావత్తు ఇమిడియున్నది. భాష కావలెను, భాషతో వచ్చు తక్కినది వద్దు. 1898లో జాంగ్ జీదుంగ్ అను రాజనీతిజ్ఞుడు ఈ భావమునే సూత్రముగా చెప్పెను: చైనా విద్య మూలముగా ఉండవలెను, పాశ్చాత్య విద్య పనిముట్టుగా ఉండవలెను. నూటయిరువది ఏండ్లకు పైగా గడిచినను, ఈ రెండు భావముల నడుమ ఊగిసలాట ఆగలేదు. ఇంగ్లీషుకు తలుపు తెరచుట, మరల ఓరవాకిలి వేయుట, మరల తెరచుట: విదేశీ ఉపాధ్యాయుని కథ అంతయు ఈ తలుపును బట్టియే నడచినది.

ఆ కథలో గుర్తుంచుకొనదగినవారు కొందరున్నారు. విలియం ఎంప్సన్ అను ఆంగ్ల కవి, విమర్శకుడు 1937లో పెకింగ్ విశ్వవిద్యాలయములో పాఠములు చెప్పుటకు బయలుదేరెను. అతడు చేరునప్పటికి జపానుతో యుద్ధము మొదలైనది. మూడు విశ్వవిద్యాలయములు ఉత్తరమును విడిచి దక్షిణమునకు తరలిపోయి, హూనాన్ రాష్ట్రమున ఒక తాత్కాలిక విశ్వవిద్యాలయముగా ఏర్పడెను. సాహిత్య శాఖ నాన్యువే అను కొండమీద తలదాచుకొన్నది. పుస్తకములు వెనుకనే నిలిచిపోయినవి. ఎంప్సన్ తనకు కంఠస్థమైన ఆంగ్ల కవిత్వమును జ్ఞాపకము మీదనే బోధించెను. 1938లో విశ్వవిద్యాలయము మరల కదలి యున్నాన్ రాష్ట్రమునకు చేరగా, అతడును వెంట నడచెను. ఆనాటి అతని శిష్యులలో కొందరు తరువాతి కాలమున చైనాలో పేరుపొందిన కవులును, ఆంగ్ల సాహిత్య పండితులును అయిరి.

1949లో జనతా గణతంత్రము ఏర్పడిన పిదప తొలి సంవత్సరములలో రష్యను భాష ముందుకు వచ్చి ఇంగ్లీషు వెనుకబడినది. రష్యాతో స్నేహము చెడిన తరువాత 1960 దశకపు ఆరంభమున ఇంగ్లీషు మరల తల ఎత్తినది. 1966లో సాంస్కృతిక విప్లవము రాగా విశ్వవిద్యాలయముల ప్రవేశపరీక్షయే నిలిచిపోయినది. విదేశీ భాష తెలియుట, విదేశీయులతో పరిచయముండుట అనుమానమునకు తావిచ్చు విషయములైనవి.

ఇన్ని మార్పులను దగ్గరనుండి చూచిన దంపతులు డేవిడ్ క్రూక్, ఇసబెల్ క్రూక్. ఆయన ఆంగ్లేయుడు; ఆమె కెనడా మతబోధకుల కుమార్తె, చైనాలోని చెంగ్‌దూ నగరమున 1915లో పుట్టినది. వారు 1948 నుండి నూతన చైనా దౌత్యోద్యోగులకు ఇంగ్లీషు నేర్పనారంభించిరి. ఆ పాఠశాలయే తరువాత బీజింగ్ విదేశీ భాషా విశ్వవిద్యాలయముగా పెరిగినది. ఇరువురును ఆ ప్రభుత్వమునకు మిత్రులే. అయినను 1967లో డేవిడ్‌ను బంధించి 1973 వరకు చెరలో ఉంచిరి. విడుదలైన తరువాత కూడ ఆ దంపతులు ఆ దేశమును విడువలేదు. మరల పాఠములు చెప్పిరి. 2019లో చైనా ప్రభుత్వము ఇసబెల్‌కు మైత్రీ పతకము నిచ్చి గౌరవించెను. ఆమె 2023లో 107వ ఏట మరణించెను. ఒకే ఉపాధ్యాయ కుటుంబము చెరను, పతకమును రెండింటిని చూచినది.

1977లో ప్రవేశపరీక్షను పునరుద్ధరించిరి. మరుసటి సంవత్సరమే దేశము బయటి ప్రపంచమునకు తలుపు తెరచినది. పది సంవత్సరముల పాటు చదువు లేక వాచిపోయిన ఒక తరము ఇంగ్లీషు మీద పడినది. ఉపాధ్యాయులు చాలరు, విదేశీయుల మాట అటుండనిమ్ము, ఇంగ్లీషు వచ్చిన స్వదేశీయులే చాలరు. ఆ లోటును పూడ్చినది రేడియో, టెలివిజన్‌లు. 1982లో చైనా కేంద్ర టెలివిజన్ బి.బి.సి. వారి "ఫాలో మీ" అను పాఠములను ప్రసారము చేయగా, కాథీ ఫ్లవర్ అను ఆంగ్లేయ యువతి ఇంటింట అందరికిని తెలిసిన ముఖమైనది. వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో ప్రారంభించిన "స్పెషల్ ఇంగ్లీష్" ప్రసారములు దాదాపు 1500 మాటల పరిమితిలో, తాపీగా నడచెడివి. 1980 దశకమున చైనా విద్యార్థులు రాత్రివేళ చిన్న రేడియోలు చెవికానించుకొని వానిని వినెడివారు.

రేడియోకు మనమెంతయు ఋణపడియున్నాము గాని, దానికొక పరిమితి కలదు. అది మాటలాడును, వినదు. విద్యార్థి తప్పు పలికినను, ఒప్పు పలికినను, అసలే పలుకకున్నను దానికి ఒక్కటే. అందుచేతనే ఆ కాలమున షాంఘైలోని పీపుల్స్ పార్కులోను, బీజింగ్‌లోని రెన్మిన్ విశ్వవిద్యాలయములోను, ఇంకను అనేక నగరములలోను "ఇంగ్లీషు మూలలు" వెలసినవి. ఒక నియత దినమున సాయంకాలము కొందరు ఒకచోట చేరి, ఎవరు దొరికిన వారితో ఇంగ్లీషులో మాటలాడుకొందురు. విద్యార్థులు, గుమాస్తాలు, పింఛను పుచ్చుకొను పెద్దలు, అందరును వత్తురు. అక్కడికొక విదేశీయుడు వచ్చినచో పదిమంది అతనిని చుట్టుముట్టుదురు. వారికి కావలసినది పాఠము కాదు. తమ మాటను ఆలకించి బదులు చెప్పెడి మనిషి.

ఇంత ఆసక్తి గల దేశములో తరగతి గదిలోని విద్యార్థి ఎందుకు మూగవోవుచున్నాడు? దీనికి మూడు కారణములు కనబడుచున్నవి.

మొదటిది పరీక్ష. విశ్వవిద్యాలయ ప్రవేశమునకు చైనాలో "గావోకావో" అను పరీక్ష కలదు. అది ప్రతి సంవత్సరము జూన్ 7వ తేదీన మొదలగును. 2024లో 1 కోటి 34 లక్షల మంది దానికి దరఖాస్తు చేసికొనిరి. చాల రాష్ట్రములలో మొత్తము 750 మార్కులు. అందు విదేశీ భాషకు 150. చైనా భాషకెన్నియో, గణితమునకెన్నియో, ఇంగ్లీషుకును అన్నియే. కాని ఆ మార్కులలో చదువుట, వ్రాయుట, వినుట వీనికే అనేక రాష్ట్రములలో చోటు. మాటలాడుటకు చోటు లేదు. బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌డాంగ్ వంటి కొన్ని ప్రాంతములు మాత్రమే దానిని చేర్చినవి. విశ్వవిద్యాలయములో చేరిన తరువాత కూడ 1987లో ఆరంభమైన నాలుగవ శ్రేణి ఇంగ్లీషు పరీక్ష ఉండనే ఉన్నది. మార్కు లేని విద్య మీద బాలుడు ఏల శ్రమపడును? ఈ సంగతి మన తల్లిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవది చదువు పద్ధతి. ఉదయమున తొలి గంటకు ముందు చైనా పాఠశాలలలో పిల్లలు బిగ్గరగా పాఠములు చదువుదురు. విశ్వవిద్యాలయపు తోటలలో కూడ చెట్టునకొక విద్యార్థి నిలిచి ఇంగ్లీషు పాఠమును వల్లె వేయుట కనబడును. అప్పజెప్పుటకు చైనా భాషలో "బెయ్‌షూ" అందురు. ఆ మాటలో ఒక అక్షరమునకు వీపు అని, రెండవదానికి పుస్తకమని అర్థము. మన వీధిబడులలో ఎక్కాలు, పద్యములు అప్పజెప్పించినట్లే ఇదియును. ఇది తీసిపారవేయదగిన పద్ధతి కాదు. ధారణశక్తికి ఇంతకన్న మంచి సాధన లేదు. కాని అప్పజెప్పునప్పుడు మాట మరియొకరిది. సంభాషణలో మాట తనది. ఈ రెండింటి నడుమ ఒక అగాధము కలదు.

మూడవది "మియెన్‌జి". ఆ మాటకు ముఖమని అర్థము. మన భాషలో పరువు, మర్యాద అని చెప్పుకొనవచ్చును. నలుగురిలో తప్పు పలికినచో తన పరువు పోవును. తాను ముందుగా చేయి ఎత్తి చక్కగా పలికినచో, చూచితిరా నా గొప్ప అని చాటుకొన్నట్లగును. అదియును మర్యాద కాదు. తానడిగిన ప్రశ్నకు ఉపాధ్యాయుడు తెలియదని చెప్పవలసివచ్చినచో ఆయన పరువునకు భంగము. ఎటు చూచినను మౌనమే క్షేమము. కొత్తగా వచ్చిన విదేశీయుడు ఈ మౌనమును సోమరితనమనియో, నిర్లక్ష్యమనియో పొరబడును. అది నిజమునకు ఒక విధమైన మర్యాద.

వీనికి తోడు భాషల స్వభావములోనే కొన్ని చిక్కులున్నవి. చైనా భాషలో క్రియాపదము కాలమును బట్టి రూపము మార్చుకొనదు. నిన్న, నేడు, రేపు అను మాటలవలనను, కొన్ని చిన్న అవ్యయములవలనను కాలము తెలియును. అందుచేత భూతకాల రూపములు చైనా విద్యార్థి కలము నుండి సరిగా వచ్చినను, నాలుక మీదికి వచ్చునప్పటికి జారిపోవును. అతడు, ఆమె, అది, అన్నింటికిని ఉచ్చారణలో "తా" అను ఒకే శబ్దము. వ్రాతలో అక్షరములు వేరైనను చెవికి భేదము లేదు. మనము పెద్దలను గూర్చి "వారు" అనినప్పుడు పురుషుడో స్త్రీయో ఆ మాటవలన తెలియనట్లే ఇది. కావున బాగుగా చదువుకొన్న చైనీయుడు కూడ తల్లిని గూర్చి చెప్పుచు "హీ" అనును. హల్లుతో ముగియు ఇంగ్లీషు మాటలకు చివర ఒక అచ్చు చేర్చుట అక్కడ సాధారణము. బస్‌ను బస్సుగా, రైల్‌ను రైలుగా చేసికొన్న తెలుగువారికి దీనిని చూచి నవ్వవలసిన పని లేదు. సిచువాన్, హూనాన్, హూబెయ్ రాష్ట్రములలో అనేకులకు న-కార ల-కారములు కలిసిపోవును. రాత్రి అను ఇంగ్లీషు మాట వెలుగు అను మాటగా వినబడును.

ఇట్టి తరగతిలో విదేశీ ఉపాధ్యాయుడు ఏమి చేయవలెను? అనుభవజ్ఞులు చేసెడి పనులు చాల సాదావి. ఒక్కొక్కరిని నిలబెట్టి ప్రశ్నింపరు. ఇద్దరిద్దరిగా కూర్చుండబెట్టి తమలో తాము మాటలాడుకొననిత్తురు. నలుబదిమంది ఎదుట పోవు పరువు ఒక్క స్నేహితుని ఎదుట పోదు. ప్రశ్న వేసిన తరువాత వెంటనే తామే జవాబు చెప్పక, కొంతసేపు ఓపికతో ఆగుదురు. ముందు రెండు మాటలు వ్రాసికొననిచ్చి తరువాత పలుకుమందురు. అన్నిటికంటె ముఖ్యమైనది తప్పును దిద్దెడి రీతి.

ఒక విద్యార్థిని మెల్లగా లేచి, "నిన్న మా అమ్మమ్మ నాకు ఫోను చేయును. అతడు చాల ముసలివాడు" అని ఇంగ్లీషులో చెప్పినదనుకొందము. రెండు వాక్యములలో మూడు తప్పులు. ఉపాధ్యాయుడు ఆ క్షణముననే నల్లబల్ల మీద ఆ తప్పులను ఎత్తి చూపవచ్చును. వ్యాకరణము నెగ్గును, ఆ బాలిక కూర్చుండును, ఆ సంవత్సరమంతయు మరల లేవదు. లేక అతడు, "అట్లా! ఆమె నిన్న ఫోను చేసినదా? ఆమె ఏమి చెప్పినది?" అని అడుగవచ్చును. అందు సరియైన రూపములన్నియు ఉన్నవి; కాని అవి దిద్దుబాటుగా గాక, ఆమె అమ్మమ్మ క్షేమము విచారించిన మాటగా వచ్చినవి. బాలిక తరువాతి వాక్యము చెప్పును. ఆ వాక్యములో "హీ" పోయి "షీ" వచ్చినను రాకున్నను, మూగతనము మాత్రము కొంత వదలినది. చెవి చేసెడి పని అనగా ఇదియే.

ఇక అక్కడి నిత్యజీవనము. విశ్వవిద్యాలయములో పనిచేయు విదేశీ ఉపాధ్యాయునికి సామాన్యముగా వారమునకు 14 మొదలు 18 పీరియడ్ల బోధన ఉండును. ఆవరణలోనే నివాసము ఇచ్చుట, రానుపోను ప్రయాణవ్యయము భరించుట వాడుక. సెప్టెంబరులో విద్యా సంవత్సరము మొదలగును. ఆ నెల 10వ తేదీ ఉపాధ్యాయ దినోత్సవము. 1985 నుండి జరుపుచున్నారు. ఆనాడు విద్యార్థులు పూవులు తెత్తురు. చలికాలమున వసంతోత్సవమునకు దీర్ఘమైన సెలవు వచ్చును. ఆవరణ అంతయు ఖాళీ యగును. విదేశీయునికి ఒంటరితనము బాధించునది అప్పుడే. ఉత్తర చైనాలో చలికాలమున గొట్టముల ద్వారా ఇండ్లకు వేడిమి సరఫరా చేయుదురు. హ్వై నదికి, చిన్‌లింగ్ పర్వతములకు దక్షిణమున ఆ ఏర్పాటు సాధారణముగా లేదు. అక్కడి తరగతులలో ఉపాధ్యాయుడును విద్యార్థులును మందపు కోటులు తొడుగుకొనియే పాఠము సాగింతురు. గురుశిష్యుల నడుమ దూరము తగ్గుటకు ఈ చలి కూడ కొంత తోడ్పడునని చెప్పవచ్చును.

ఈ జీవనమును గూర్చి వెలువడిన పుస్తకములలో పీటర్ హెస్లర్ అను అమెరికను వ్రాసిన "రివర్ టౌన్" పేరెన్నిక గన్నది. అతడు పీస్ కోర్ స్వచ్ఛంద సేవకుడుగా 1996 నుండి 1998 వరకు యాంగ్‌ట్సీ నదీతీరమున ఫూలింగ్ అను ఊరిలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసెను. అతని విద్యార్థులలో చాలమంది పల్లెటూరి రైతుల బిడ్డలు. వారును పిమ్మట ఇంగ్లీషు ఉపాధ్యాయులు కావలసినవారే. పీస్ కోర్ వారు 1993 నుండి 2020 వరకు 1300 మందికి పైగా సేవకులను చైనాకు పంపిరి. ఇరు దేశముల నడుమ సంబంధములు క్షీణించిన కాలమున ఆ కార్యక్రమము ముగిసినది.

ఇరువదవ శతాబ్ది ముగిసినప్పటి నుండి ఈ వృత్తి వ్యాపారముగా పెరిగినది. 2001లో మూడవ తరగతి నుండియే ఇంగ్లీషు నేర్పవలెనని విద్యాశాఖ ఆదేశించెను. అదే సంవత్సరము చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినది. 2008లో బీజింగ్‌లో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. వీధివీధిని ట్యూషను కేంద్రములు వెలసినవి. 2013లో ఆరంభమైన "విఐపికిడ్" వంటి సంస్థలు అమెరికాలో ఇంటివద్దనే కూర్చున్న ఉపాధ్యాయుని కంప్యూటరు తెరమీదుగా చైనా బాలుని ఎదుట నిలిపినవి. తరువాత తలుపు మరల కదలినది. 2021 జూలై 24న ప్రభుత్వము "రెండు భారముల తగ్గింపు" అను విధానమును ప్రకటించెను: ఇంటిపని భారము, ట్యూషను భారము. పాఠశాల విషయములలో లాభము కొరకు ట్యూషను చెప్పరాదు; వారాంతములలోను, సెలవులలోను తరగతులు నడుపరాదు; విదేశములలో ఉన్న విదేశీయులను బోధనకు నియమింపరాదు. పిల్లల భారమును, తల్లిదండ్రుల ఖర్చును తగ్గించుటయే ఉద్దేశమని చెప్పిరి. ఆ ఒక్క ఉత్తరువుతో వేలకొలది ఉపాధ్యాయుల జీవనోపాధి కొన్ని వారములలో మాయమైనది. విశ్వవిద్యాలయములు, పాఠశాలలు మాత్రము విదేశీ ఉపాధ్యాయులను నియమించుచునే ఉన్నవి.

అట్లు నియమింపబడుటకు నిబంధనలు గట్టివి. 2017 నుండి దేశమంతట ఒకే పద్ధతిలో పని అనుమతి ఇచ్చుచున్నారు. భాష బోధించువారు తమ మాతృభాషనే బోధింపవలెను; ఆ భాష మాతృభాషగా గల దేశపు పౌరులై ఉండవలెను; డిగ్రీ ఉండవలెను; రెండేండ్ల అనుభవము గాని, దానికి బదులుగా విద్యాశాస్త్రములో పట్టము గాని, భాషాబోధనలో యోగ్యతాపత్రము గాని ఉండవలెను. ఉద్యోగమునకు వెళ్ళువారికి "జెడ్" వీసా అవసరము. చేరిన 30 దినములలో నివాస అనుమతికి దరఖాస్తు చేయవలెను. హోటలులో గాక ఇంటిలో దిగినవారు 24 గంటలలో పోలీసువారివద్ద నమోదు చేసికొనవలెను. ఏ సంస్థ పేర అనుమతి వచ్చినదో అక్కడనే పనిచేయవలెను. సాయంకాలము ఇంకొకచోట పాఠము చెప్పి డబ్బు పుచ్చుకొనుట నేరము.

దీనివలన మన తెలుగు యువకులు, యువతులు తెలిసికొనవలసినది ఒకటున్నది. భారతదేశపు పాస్‌పోర్టు గలవారికి ఇంగ్లీషు భాషోపాధ్యాయ పదవి అక్కడ సాధారణముగా లభింపదు. ఇంగ్లీషులో ఎంత ప్రజ్ఞ ఉన్నను అది మన మాతృభాష కాదు గదా! కావున "ముందు వ్యాపార వీసా మీదనో, యాత్రిక వీసా మీదనో వెళ్ళుడు; అక్కడికి పోయిన తరువాత మార్పింతుము" అని చెప్పు దళారుల మాట నమ్మరాదు. అనుమతి లేక పనిచేసిన విదేశీయునికి చైనా చట్టము ప్రకారము 5,000 మొదలు 20,000 యువానుల వరకు జుల్మానా. నేరము తీవ్రమైనచో 5 మొదలు 15 దినముల నిర్బంధము. దేశమునుండి పంపివేయుట కూడ జరుగవచ్చును. పట్టుబడినప్పుడు దళారి కనబడడు.

ఆ నిబంధనకు కారణము లేకపోలేదు. డిగ్రీ గాని, బోధనాభ్యాసము గాని లేక, తెల్లని ముఖము మాత్రమే యోగ్యతగా అనేకులు పాఠములు చెప్పిన కాలము ఒకటి గడిచినది. దానిని అరికట్టుటకు ప్రభుత్వము పూనుకొనుట సబబే. అయినను మాతృభాషగా గలవాడే బాగుగా నేర్పగలడను భావములో ఒక లోపమున్నది. అది ఉపాధ్యాయుని నోటిని మాత్రమే చూచుచున్నది. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవానికి "హీ" ఎందుకు "షీ" కావలెనో ఎన్నడును ఆలోచింపవలసిన పని పడలేదు. కష్టపడి నేర్చుకొన్నవానికి ఆ భాషలో ఎక్కడ కాలు జారునో తెలియును. తాను జారిపడినచోటు ఎవరును మరువరు. చైనాలోని ఇంగ్లీషు ఉపాధ్యాయులలో అత్యధికులు చైనీయులే. పల్లెటూరి బడులలో, విదేశీయుడు ఎన్నడును అడుగుపెట్టనిచోట, ఇంగ్లీషును నిలిపినవారు వారే. విదేశీయుడు వారికి తోడుగా ఉండవలెనే గాని వారికంటె పైవాడు కాడు.

తెలుగువారికి ఈ విషయములో వేరొక విధమైన పరిచయము కలదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల నుండి అనేక విద్యార్థులు చైనా విశ్వవిద్యాలయములలో ఇంగ్లీషు మాధ్యమములో వైద్యవిద్య అభ్యసించిరి. అక్కడ చైనా ఆచార్యుడు తాను నేర్చుకొన్న ఇంగ్లీషులో శరీరశాస్త్రము చెప్పును. తెలుగు విద్యార్థి తాను నేర్చుకొన్న ఇంగ్లీషులో సందేహము అడుగును. ఇరువురిలో ఎవరికిని అది తల్లిభాష కాదు. తొలి నెలలలో ఒకరి ఉచ్చారణ ఒకరికి తెలియదు. పిదప చెవులు అలవాటు పడును. నేటి ప్రపంచములో ఇంగ్లీషు చాలవరకు ఇట్లే, ఆంగ్లేయుడు లేనిచోట, ఇద్దరు పరాయివారి నడుమ వ్యవహరింపబడుచున్నది. అట్టి వ్యవహారమునకు కావలసినది ఆంగ్లేయుని ఉచ్చారణ కాదు. ఎదుటివాని మాటను ఓపికతో విని గ్రహించు శక్తి.

1862లో పదిమంది బాలురతో మొదలైన పాఠము ఇంకను సాగుచున్నది. నడుమ తలుపు ఎన్నిసార్లు మూసిరో, ఎన్నిసార్లు తెరచిరో! ఇకముందు కూడ అట్లే జరుగవచ్చును. యంత్రములు నేడు మాటను క్షణములో అనువదించుచున్నవి, ఉచ్చారణ దిద్దుచున్నవి. భాష పలికించుటకు మాత్రమే విదేశీయుడు కావలెనన్నచో, అతని అవసరము త్వరలోనే తగ్గిపోవును. కాని చలికి కోటు తొడుగుకొని కూర్చున్న నలుబదిమందిలో ఒక బాలిక తన పరువును పణముగా పెట్టి లేచి తన అమ్మమ్మను గూర్చి తప్పుడు వాక్యము చెప్పునప్పుడు, ఆ అమ్మమ్మ ఏమి చెప్పినదో నిజముగా తెలిసికొనగోరి అడుగువాడొకడు ఎదుట ఉండవలెను. అతడు ఏ దేశమువాడైనను సరే, అతనిని లావోషీ అని పిలుచుట తగును.